ఏ వందలో పాతిక?

అంకగణితం పుస్తకాల్లో పాలవాడు ఎప్పుడూ దొంగే. బియ్యం వ్యాపారి రెండు రకాలు కలపనిదే బస్తా కుట్టడు, కంసాలి రాగి వేయనిదే కుంపటి రాజేయడు. పాలవాడైతే 40 లీటర్ల క్యాన్‌లోంచి 4 లీటర్ల పాలు తీసి 4 లీటర్ల నీళ్లు పోస్తాడు. అది చాలదన్నట్టు అదే పని ఇంకో రెండుసార్లు చేస్తాడు. ఇప్పుడు క్యాన్‌లో అసలు పాలు ఎన్ని? ప్రతిసారీ పదింట తొమ్మిది వంతులు మిగులుతాయి కాబట్టి 36, తర్వాత 32.4, తర్వాత 29.16 లీటర్లు. రెండో దశాంశ స్థానం దాకా దొంగతనం చేసే ఈ మనిషిని నేను ఏ ఊళ్లోనూ చూడలేదు. నేనెరిగిన పాలవాళ్లు బోరింగు దగ్గర చెంబు లెక్కన పోస్తారు. అదీ ఎండాకాలం బర్రెలు పాలు తగ్గించినప్పుడు.

ఈ దొంగ మీద నాకు కోపం లేదు. ప్రశ్న అడిగే తీరు మీదే నాకు పేచీ. పుస్తకంలో తప్పనిసరిగా ఉండే లెక్క ఒకటుంది: పాలవాడు పాలను కొన్న ధరకే అమ్ముతూ 25 శాతం లాభం తెచ్చుకోవాలంటే నీళ్లూ పాలూ ఏ నిష్పత్తిలో కలపాలి? జవాబు 1:4. నాలుగు పాళ్ల పాలకు ఒక పాలు నీళ్లు. అంతటితో లెక్క అయిపోతుంది, పాలవాడు సైకిలెక్కి వెళ్లిపోతాడు. గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డ ఆమె సంగతి ఎవరూ అడగరు. లీటరు డబ్బులిచ్చి 800 మిల్లీలీటర్ల పాలు తీసుకున్న మనిషికి పోయింది ఎంత? 20 శాతం. నీళ్లు అవే, పాలు అవే, ఆయనకు వచ్చింది 25, ఆమెకు పోయింది 20. మధ్యలో ఆ ఐదు ఎటు పోయింది అని పిల్లలు అడుగుతారు. ఎటూ పోలేదు. ఆయన పెట్టిన 80 మీద వచ్చిన 20ని లెక్క వేసుకున్నాడు, ఆమె ఇచ్చిన 100 మీద పోయిన 20ని వేసుకుంది. ఇద్దరి వందలూ వేరు. నిష్పత్తులు, మిశ్రమాలు అనే అధ్యాయంలో నేర్వాల్సిన అసలు సంగతి ఇదేనని నా ఉద్దేశం. శాతం అనగానే ఏ వందలో, ఎవరి వందలో అని అడగడం. మన పుస్తకాలు మాత్రం కలిపేవాడి పక్కన కూర్చుని లెక్క నేర్పుతాయి, కొనేవాళ్లను బయటే నిలబెడతాయి.

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు సాయంత్రాలు ఈ అధ్యాయం చెప్తుంటాను. ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, ఉన్న ఊరు కాబట్టి నార్నూర్, ఇంద్రవెల్లి, జైనూర్, సిర్పూర్ (యు) వైపు గూడేల నుంచి, తండాల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకుని చదివేవాళ్లుంటారు. ఇంట్లో గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ; బళ్లో తెలుగు; మార్కెట్లో ఇవన్నీ కలిసిన భాష. కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌లో మూడు గంటల్లో 200 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 54 సెకన్లు. టీచర్ పోస్టులకు చదివేవాళ్ల దిగులు ఇంకో రకం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో నం. 3 వచ్చింది, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి నిష్పత్తి అంటే ఏమిటో వీళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ ఉండదు. 54 సెకన్ల సంగతి మాత్రం చెప్పాలి.

ఆ 54 సెకన్ల కోసం పుట్టిందే అడ్డగీతల పద్ధతి, అందరూ అల్లిగేషన్ అనేది. కిలో 60 రూపాయల బియ్యం, 75 రూపాయల బియ్యం కలిపి కిలో 65 పడేలా చేయాలి. పైన 60, 75 రాసి, నడుమ 65 రాసి, ఐమూలగా తీసివేయాలి. 75 లోంచి 65 పోతే 10, 65 లోంచి 60 పోతే 5. 60 రూపాయలవి రెండు పాళ్లు, 75 రూపాయలవి ఒక పాలు. జవాబు వస్తుంది, మార్కు వస్తుంది, ఎందుకు వచ్చిందో తెలియకుండానే పిల్లలు తర్వాతి ప్రశ్నకు పోతారు. పరీక్షకు అది చాలు, నేనూ అలాగే చేయిస్తాను. ఎవరైనా ఎందుకట్లా అని అడిగితే మాత్రం కావడి గీస్తాను. బద్ద ఒక చివర 60, ఇంకో చివర 75, భుజం 65 దగ్గర. భుజానికి 60 వైపు కొస ఐదు జానల దూరం, 75 వైపు కొస పది జానలు. కావడి వాలకుండా ఉండాలంటే దగ్గర కొసకు బరువెక్కువ వేయాలి, దూరం కొసకు తక్కువ. 60 వైపు రెండు బరువులు వేస్తే 75 వైపు ఒకటి. కావడి మోసిన తాతలున్న పిల్లలకు ఇంతకు మించి చెప్పాల్సిన పని ఉండదు. అడ్డగీతల్లో తారుమారయ్యే అంకెలు కూడా ఆ తర్వాత తారుమారవవు.

ఈ లెక్క కొత్తది కాదు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, దాదాపు 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. అందులో మిశ్రక వ్యవహారం అని ఒక అధ్యాయమే ఉంది. దాన్ని మన పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో గణితానికి అదే మొదటి పుస్తకంగా చెప్తారు. బంగారం కలిపే లెక్కలు ఆ సంప్రదాయంలో దండిగా ఉన్నాయి. అప్పట్లో మేలిమికి పదహారు వన్నెలు. 16 వన్నెల బంగారం ఐదు తులాలు, 8 వన్నెలది మూడు తులాలు కరిగిస్తే ఎన్ని వన్నెలు? ఐదు పదహార్లు 80, మూడెనిమిదులు 24, కలిపితే 104. ఎనిమిది తులాలతో భాగిస్తే 13 వన్నెలు. ఇవాళ నగ మీద 916 అని ముద్ర కనిపిస్తే అదీ ఇదే లెక్క, 24 పాళ్లలో 22 బంగారం. ఇటలీలో ఫిబొనాచీ 1202లో రాసిన లిబెర్ అబాచి పుస్తకంలోనూ నాణేల కోసం లోహాలు కలిపే లెక్కలకు ఏకంగా ఒక అధ్యాయం ఉంది. రాజుకు నాణెం కావాలి, వర్తకుడికి లాభం కావాలి. లెక్క పుట్టిన చోటే అది ఎవరి పక్కన పుట్టిందో తెలుస్తుంది.

అయితే మహావీరుడి అధ్యాయంలో నాకు బాగా నచ్చేది బంగారం కాదు, వడ్డీ. అసలూ వడ్డీ కలిసిన మొత్తాన్ని కూడా ఆయన మిశ్రమంగానే చూశాడు. నీళ్లూ పాలూ విడదీసినట్టే అసలూ మిత్తీ విడదీయమంటాడు. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి, ఆరు నెలలు. షావుకారు 560 కట్టమన్నాడు. తెచ్చిందెంత? 100కు 112 అవుతుంది కాబట్టి 560కి 500. ఈ విడదీయడం తెలియక పోగొట్టుకున్న భూముల చరిత్ర ఈ ఏజెన్సీది.

నిజాం ప్రభుత్వం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక, గోండుల స్థితిగతులు చూడమని ఆ ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు, యుద్ధకాలంలో హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చినవాడు. అప్పటి ఉట్నూర్ తాలూకాలోని మార్లవాయిలో భార్య బెట్టీతో కలిసి ఉన్నాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. చదువెందుకు అంటే ఆయన చెప్పిన కారణాల్లో కవిత్వమేమీ లేదు. వ్యాపారీ, వడ్డీ షావుకారూ, చిన్న ఉద్యోగీ చేసే మోసాన్ని ఆదివాసి పట్టుకోగలగాలి, కాగితం మీద ఏముందో చదువుకోగలగాలి. కొన్నామె వైపు నుంచి అడిగే లెక్కకు ఈ ప్రాంతంలో బడి పెట్టిన తొలి మనుషుల్లో ఆయన్ను వేస్తాను. బెట్టీ 1987లో చనిపోతే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు.

తెలంగాణ పల్లెల్లో నాగు అనేది ఒకటుండేది. విత్తనాల కాలంలో బస్తా గింజలు తెచ్చుకుంటే పంటకాలంలో బస్తాన్నర కొలవాలి. పైకి చూస్తే ఐదారు నెలలకు సగానికి సగం మిత్తి. షావుకారు దగ్గర దీనికో జవాబుంటుంది: నేనిచ్చినప్పుడు గింజలు పిరం, నువ్విచ్చేటప్పుడు అగ్గువ, నాకు మిగిలేదెంత? లెక్క వేస్తే ఆ మాటలోనూ కొంత నిజముంది. బస్తా 1,200 ఉన్నప్పుడు ఇచ్చి, 1,000 ఉన్నప్పుడు బస్తాన్నర తీసుకుంటే 1,200కు 1,500, అంటే పాతిక శాతమే. కానీ ఆ పాతిక ఆయన వందలోది. రైతుకు ఆయన రూపాయలు ఇవ్వలేదు, గింజలు ఇచ్చాడు; రైతు కొలిచిందీ గింజలే. కల్లంలో కుప్ప చూసుకునేవాడికి బస్తాకు బస్తాన్నరే. ఇంకో షావుకారుంటాడు, ఆషాఢంలో రూపాయలిచ్చి పంటకాలంలో అగ్గువ ధర కట్టి గింజలు పట్టుకుపోయేవాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తింటున్నారో చెప్పమంటే క్లాసులో గంట గడిచిపోతుంది.

మిశ్రమాల లెక్కలో దొంగ లేని ఉదాహరణ కావాలంటే జైనూర్ మండలం ఉషేగాం పేరు చెప్తాను. అక్కడి ఓజాలు పోసే ఇత్తడి బొమ్మలకు, గంటలకు, దీపాలకు ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి అచ్చు మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, కరిగిపోయిన మైనం జాగాలోకి ఇత్తడి పోస్తారు. ఎంత ఇత్తడి కావాలి? మైనం నీళ్ల కన్నా కాస్త తేలిక, ఇత్తడి నీళ్లకు దాదాపు ఎనిమిదిన్నర రెట్లు బరువు. కాబట్టి ఒక పాలు మైనానికి సుమారు తొమ్మిది పాళ్లు ఇత్తడి, పోసే దారిలో గడ్డకట్టేదానికి ఇంకొంత. మైనం తూచుకుంటే ఇత్తడి లెక్క తెలిసిపోతుంది. ఒకటి పోయి ఇంకొకటి వచ్చే లెక్క ఇది, ఇందులో ఎవరినీ ముంచే వీలు లేదు.

పాలకు మళ్లీ వస్తే, కొనేవాళ్ల వైపు నుంచి లెక్క ఎంత కష్టమో లాక్టోమీటర్ చెప్తుంది. నీళ్లు కలిపితే పాల సాంద్రత తగ్గి లాక్టోమీటర్ మునుగుతుంది. మీగడ తీసేస్తే సాంద్రత పెరిగి పైకి తేలుతుంది, ఎందుకంటే వెన్న నీళ్ల కన్నా తేలిక. తెలివైనవాడు మీగడ కొంత తీసి, నీళ్లు కొన్ని పోస్తాడు. లాక్టోమీటర్ ఎక్కడ నిలవాలో అక్కడే బుద్ధిగా నిలబడుతుంది. కలిపేవాడికి రెండు సంగతులూ తెలుసు. కొనేవాళ్లకు తెలియనివి రెండు, చేతిలో సమీకరణం ఒకటి. బీజగణితం చదివినవాళ్లెవరైనా ఇది తేలదని చెప్తారు. పాలకేంద్రాల్లో వెన్న శాతం విడిగా పరీక్షించడం అందుకే. గెర్బర్ పేరుతో ఉన్న పరీక్ష కావచ్చు, ఇప్పటి మిషన్లు కావచ్చు, కొనేవాళ్లకు దొరికిన రెండో సమీకరణం అది.

అసలు కూడికే తప్పిపోయే చోటు కూడా ఉంది. ఇప్పపువ్వుతో ఉట్నూర్‌లో లడ్డూలూ కడతారు, అడవి ఊళ్లలో సారా కూడా కాస్తారు. లడ్డూలో బెల్లం, పల్లి, నువ్వులు ఏ పాళ్లలో వేసినా బరువులు కూడితే సరిపోతుంది. శుద్ధమైన ఆల్కహాల్ 50 మి.లీ., నీళ్లు 50 మి.లీ. కలిపి చూడండి, 100 రాదు, 96 చిల్లర వస్తుంది. నీటి అణువులూ ఆల్కహాల్ అణువులూ ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకుంటాయి. తూకం వేస్తే మాత్రం పూర్తిగా ఉంటుంది. పుస్తకాల్లో ‘ఆల్కహాల్, నీటి మిశ్రమం’ లెక్కలు లీటర్లలో ఇచ్చి మామూలుగా కూడమంటారు. పరీక్షలో కూడండి అనే చెప్తాను. అక్కడ వాదిస్తే మార్కు పోతుంది.

ఇక ఈ అధ్యాయమంతా నిజంగా బతికుండేది పత్తిలో. దసరా దాటిందంటే ఈ వైపు ఏ ఇంటి ముందు చూసినా పత్తి కుప్పలే. భారత పత్తి సంస్థ, అందరూ సీసీఐ అనేది, మద్దతు ధరకు కొనాలంటే తేమ 8 శాతం ఉండాలి. 12 దాటితే కొనరు. నడుమ ఉంటే, పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 2024–25 సీజన్లో పొడుగు పింజ పత్తికి క్వింటాల్ 7,521 రూపాయలు. 9 శాతం తేమకు 7,445.79, 10కి 7,370.58, 11కి 7,295.37, 12కి 7,220.16. తర్వాతి సీజన్లో మద్దతు ధర 8,110 అయింది, కోత పద్ధతి తెలిస్తే ఏ ధరకైనా లెక్క ఒకటే కాబట్టి నేను బోర్డు మీద పాత అంకెలే వాడుతుంటాను.

ఒక సాయంత్రం పత్తి ఏరి నేరుగా క్లాసుకు వచ్చిన అమ్మాయి అడిగింది. “సార్, మా పత్తి తేమ పన్నెండు చూపెడుతున్నది. ఇప్పుడే అమ్ముడా, ఎండవెట్టి అమ్ముడా?” ముందు బెంచీలో ఉన్నవాడు ఆగలేదు. “ఎండవెట్టుడే. నాలుగు శాతం కోత తప్పుతది గద.” అందరికీ అలాగే అనిపిస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లూ అదే చెప్తారు. కానీ ఎండబెడితే తేమ ఒక్కటే పోదు, తూకమూ పోతుంది. ఎంత పోతుంది అన్నది మిశ్రమాల లెక్క.

తేమ 12 శాతం అంటే వంద కిలోల పత్తిలో 12 కిలోలు నీళ్లు అని తీసుకుందాం. ఎండు సరుకు 88 కిలోలు. ఎండలో వేసినా, నీడలో వేసినా, ఈ 88 మారదు. మిశ్రమాల లెక్క ఏదైనా సరే, కదలనిది ఏదో ముందు పట్టుకోవాలి. పాలలో నీళ్లు పోస్తే కదలనివి పాలు, పత్తి ఎండితే కదలనిది ఎండు సరుకు. తేమ 8కి దిగాక ఈ 88 కిలోలే మొత్తంలో 92 శాతం అవుతాయి. 88ని 0.92తో భాగిస్తే 95.65 కిలోలు. ముందు బెంచీవాడు 96 అన్నాడు, నీళ్లు 12 లోంచి 8కి దిగాయి కదా, నాలుగు కిలోలే పోతాయని. పోయింది నాలుగు కిలోల 350 గ్రాములు. ఎందుకంటే ఆ 8 శాతం పాత వందలోది కాదు, ఎండి తగ్గిపోయిన కొత్త కుప్పలోది.

ఇప్పుడు రూపాయలు. 95.65 కిలోలు, కిలో 75.21 చొప్పున అమ్మితే 7,194. ఎండబెట్టకుండా 12 శాతం తేమ ఉన్న క్వింటాల్‌ను నాలుగు శాతం కోతతోనే అమ్మితే 7,220. రెండు రోజులు ఎండబెట్టి, కోతులను తోలి, మబ్బు పడితే టార్పాలిన్ కప్పి, మళ్లీ సంచుల్లోకి తొక్కి, క్వింటాల్‌కు 26 రూపాయలు తక్కువ తెచ్చుకోవడం! క్లాసంతా ఒకటే లొల్లి. అమ్మాయి నమ్మలేదు, తన ఫోన్లో మళ్లీ లెక్క వేసింది, అదే వచ్చింది. కోత అనగానే ఏదో నష్టమని భయపడతాం గానీ, ఈ కోత అసలు నీళ్ల బరువు కన్నా కాస్త తక్కువే. కోతను పాత వంద మీద వేశారు, ఎండినప్పుడు తగ్గేది కొత్త వంద మీద. పాలవాడి 25కూ, కొన్నామె 20కీ ఉన్న తేడాయే ఇక్కడ రైతు వైపు ఒరిగింది. ఇలా ఒరగడం అరుదు కాబట్టి బోర్డు మీద కాసేపు ఉంచాను.

14 శాతం ఉన్నదాన్ని ఏం చేయాలి అని ఇంకొకడు. కొనరు కాబట్టి ఎండబెట్టక తప్పదు. ఎంత దాకా? ఎండు సరుకు 86. పన్నెండుకు దింపితే 97.73 కిలోలు, 72.20 చొప్పున 7,056. ఎనిమిది దాకా దింపితే 93.48 కిలోలు, 7,030. పన్నెండు దిగితే చాలన్నమాట, కాగితం మీద. కాగితం మీద అని గట్టిగా చెప్పాలి. సరిగ్గా పన్నెండు పట్టుకుని పోయిన కుప్పకు అక్కడి మిషన్ పన్నెండున్నర చూపిస్తే బండి వెనక్కి రావాలి. అప్పుడు 26 రూపాయల లాభం కిరాయిలో కొట్టుకుపోతుంది. కాబట్టి పదకొండు దాకా దింపి పోవడం మంచిదని వాళ్లలో వాళ్లే తేల్చారు. ప్రైవేటు వ్యాపారి తేమ చూడకుండా ఒకే ధర కట్టి కొంటే ఏ మాత్రం ఎండబెట్టినా నష్టమే అని ఒకరు, తేమ చూడకపోయినా తూకంలో కోస్తాడు, ఆ కోత ఎంతో ముందు అడగాలి అని ఇంకొకరు. డబ్బులు వెంటనే చేతికొస్తాయా, బ్యాంకులో పడేదాకా ఆగాలా, ఆగితే అప్పు మీద మిత్తి ఎంత అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. మహావీరుడు వడ్డీనీ మిశ్రమాన్నీ ఒకే అధ్యాయంలో ఎందుకు పెట్టాడో ఆ సాయంత్రం ఎవరికీ వివరించాల్సిన అవసరం పడలేదు.

చివరి బెంచీలో ఉండే పిల్లవాడు, మామూలుగా నోరు విప్పనివాడు, చెయ్యెత్తాడు. “సార్, పత్తి రాత్రి మంచుకు మళ్లీ తేమ పట్టుకుంటది. పొద్దుగాల మిషన్ పెడితే ఒకటి, పగటీలి పెడితే ఇంకొకటి. మీ పన్నెండు ఎప్పటిది?” ఎప్పటిదో అమ్మాయిని అడిగాను. పొద్దున ఏడింటికి చూశారట. పగటీలి తేమ ఎంతుంటుందో అందాజుగా వేసుకుని, పొద్దున బండి కడితే ఎంత, మధ్యాహ్నం కడితే ఎంత, రెండు లెక్కలూ వేయమన్నాను. అడ్డగీతల పద్ధతి ఎవరూ వాడలేదు. 54 సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.